క్యాప్స్ లాక్ చోటు కంట్రోల్‌కి: లినక్స్‌లో మాడిఫయర్ కీలను మార్చుకునే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

కీబోర్డు మీద చేతులు పెట్టి, ఎడమ చిటికెన వేలు ఎక్కడ ఆనుతుందో ఓసారి చూడండి. ‘ఏ’ అక్షరం మీద. దాన్ని ఆనుకుని ఉన్నది క్యాప్స్ లాక్. నాలుగు రోడ్ల కూడలిలో కొట్టు పెట్టుకున్నట్టు అంత మంచి చోటు అది. ఆ కీని నేను కావాలని నొక్కేది నెలకోసారైనా ఉండదు. పొరపాటున నొక్కేది మాత్రం రోజూ ఉంటుంది, అదీ పాస్‌వర్డ్ కొట్టేటప్పుడే. కాపీకీ పేస్టుకీ సేవుకీ నిమిషం నిమిషం కావలసిన కంట్రోలేమో అట్టడుగు మూలన పడి ఉంటుంది. దాన్ని అందుకోవడానికి చిటికెన వేలిని వంచీ వంచీ సాయంత్రానికి మణికట్టు లాగుతుంటుంది. ఇలా ఇంకో కీతో కలిపి పట్టుకుని నొక్కే కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ లాంటివే మాడిఫయర్ కీలు.

మొదట్లో ఇలా లేదు. 1976లో వచ్చిన ఏడీఎం-3ఏ టెర్మినల్ (పెద్ద కంప్యూటరుకి తగిలించే తెర, కీబోర్డు) మీద కంట్రోల్ ‘ఏ’ పక్కనే ఉండేది, ఎస్కేప్ ఇప్పటి ట్యాబ్ చోటులో ఉండేది. బిల్ జాయ్ ‘వీఐ’ అనే టెక్స్ట్ ఎడిటర్ రాసింది ఆ టెర్మినల్ మీదే కాబట్టి, అందులో మాటిమాటికీ ఎస్కేప్ ఎందుకు కొట్టాలో అర్థమవుతుంది: ఆయనకది చేతికందే కీ. 1981 నాటి ఐబీఎం పీసీ కీబోర్డులోనూ కంట్రోల్ ‘ఏ’ పక్కనే ఉంది. ఆ తర్వాత వచ్చిన 101 కీల కీబోర్డు దాన్ని కిందికి తోసి, ఆ చోటు క్యాప్స్ లాక్‌కి ఇచ్చింది. అదే ప్రపంచమంతా పాకింది. కాబట్టి మనం ఇప్పుడు చేయబోయేది వింత పనేమీ కాదు, పాత ఇంటికి తిరిగి వెళ్లడమే.

ఈ మధ్య నెల్లూరులో ఉన్న మా తమ్ముడికి ఈ పనంతా ఫోన్లో చెప్పి చేయించాను. తెర పంచుకునేంత నెట్ వాడి దగ్గర లేదు, అందుకే కమాండ్లన్నీ నోటితోనే చెప్పాను. ఇక్కడా అదే పద్ధతి. కమాండ్లను పలికినట్టు తెలుగులో రాస్తాను, మీరు ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేయండి. మాట కనిపిస్తే ఆ మాట స్పెల్లింగు, ‘సీటీఆర్ఎల్’ లాగా అక్షరాల పేర్లు కనిపిస్తే వరసగా ఆ అక్షరాలు. పెద్దక్షరాలని నేను చెప్పని చోట అన్నీ చిన్నక్షరాలే.

నొక్కిన కీ ఏ దారిన వస్తుంది

ఈ ఒక్క ముక్క తెలియకపోవడం వల్లే చాలామంది ఒక చోట మార్చి, ఇంకో చోట ఫలితం వెతుక్కుంటారు. క్యాప్స్ లాక్‌నే తీసుకుందాం.

మీరు నొక్కగానే కీబోర్డు ఒక స్కాన్‌కోడ్ పంపుతుంది. యూఎస్‌బీ కీబోర్డైతే అది 70039. ల్యాప్‌టాప్‌కి అంటుకుని ఉన్నదైతే చాలావరకు 3ఏ. లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ దాన్ని అందుకుని తన లెక్కలో 58 అనే కీకోడ్‌గా మారుస్తుంది. ఆ పైన ఎక్స్‌కేబీ అనే పొర ఉంది. ఎక్స్ (తెర మీద కిటికీలు చూపే పాత వ్యవస్థ) లెక్క 8తో మొదలవుతుంది కాబట్టి అక్కడికి వచ్చేసరికి 58 కాస్తా 66 అవుతుంది. ఆ 66కి ‘క్యాప్స్ లాక్’ అనే అర్థం తగిలించేది ఈ ఎక్స్‌కేబీయే. ఒకే మనిషిని ఇంట్లో చిన్నోడనీ, బళ్లో రోల్ నంబరుతోనూ, ఆఫీసులో ఇంటిపేరుతోనూ పిలిచినట్టే ఇదీ.

మార్పు చేయగల చోట్లు కూడా ఇవే. ఎక్స్‌కేబీ పొరలో మారిస్తే డెస్క్‌టాప్‌కి వర్తిస్తుంది. కెర్నల్ దగ్గర మారిస్తే లాగిన్ తెరకీ, నల్లటి కన్సోల్‌కీ, అన్నిటికీ వర్తిస్తుంది. నా సలహా: పై పొరలో పని జరిగితే కిందికి దిగకండి. కిందికి దిగేకొద్దీ తప్పు చేస్తే తేరుకోవడం కష్టం.

ఎక్స్‌కేబీకి అసలైన మాడిఫయర్లు ఎనిమిదే: షిఫ్ట్, లాక్, కంట్రోల్, మాడ్1 నుంచి మాడ్5 దాకా. మామూలుగా ఆల్ట్ మాడ్1లో, విండోస్ బొమ్మ ఉన్న కీ మాడ్4లో ఉంటాయి. ఆ బొమ్మ కీని లినక్స్‌లో సూపర్ అంటాం. ఆ పేరు ఎంఐటీ లిస్ప్ మెషీన్ల ‘స్పేస్ క్యాడెట్’ కీబోర్డు నుంచి వచ్చింది.

ఎఫ్ఎన్ కీ సంగతి వేరు. దాన్ని చాలా ల్యాప్‌టాప్‌లలో ఫర్మ్‌వేరే (మెషీన్ లోపలే ఉండే ప్రోగ్రాము) మింగేస్తుంది, లినక్స్ దాకా రానివ్వదు. రాని కీని మార్చలేం. థింక్‌ప్యాడ్‌లో ఎఫ్ఎన్, కంట్రోల్ తారుమారుగా అనిపిస్తే బయాస్ సెట్టింగుల్లోనే వాటిని అటూ ఇటూ చేసే ఆప్షన్ ఉంది, అక్కడ చేసుకోండి.

మొదటి పని: మీరు ఏ సెషన్‌లో ఉన్నారు?

టెర్మినల్ (కమాండ్లు కొట్టే కిటికీ) తెరిచి ఇది కొట్టండి. డాలర్ తర్వాతవన్నీ పెద్దక్షరాలు, మధ్యలో అండర్‌స్కోర్లు:

ఎకో $ఎక్స్‌డీజీ_సెషన్_టైప్

వేలాండ్ అనో ఎక్స్11 అనో జవాబు వస్తుంది. రెండూ తెర మీద కిటికీలు చూపే వ్యవస్థలే, ఎక్స్11 పాతది, వేలాండ్ కొత్తది. దీన్ని బట్టే మిగతా దారి. నెట్‌లో దొరికే పాత సలహాల్లో సగం ‘ఎక్స్‌మాడ్‌మ్యాప్’ వాడమంటాయి. వేలాండ్‌లో అది పనికిరాదు. ఎక్స్11లో పనిచేసినా, కీబోర్డు తీసి మళ్లీ గుచ్చగానే చేసినదంతా పోతుంది. నేనైతే దాన్ని పూర్తిగా మర్చిపొమ్మంటాను.

రెండో పని: కీ నిజంగా ఏం పంపుతోంది?

ఎక్స్11లో ‘ఎక్స్ఈవీ’, వేలాండ్‌లో ‘డబ్ల్యూఈవీ’ అనే చిన్న ప్రోగ్రాములున్నాయి. నడిపితే ఒక తెల్ల కిటికీ తెరుచుకుంటుంది. అందులో ఉండి కీ నొక్కితే దాని నంబరు, పేరు టెర్మినల్లో పడతాయి. క్యాప్స్ లాక్ నొక్కితే 66 కనిపించాలి, ఎడమ కంట్రోల్‌కి 37. ఇంకా కింద, కెర్నల్‌కి ఏం అందుతోందో చూడాలంటే ‘సుడో ఈవీటెస్ట్’ (సుడో అంటే అడ్మిన్ అధికారంతో నడపమని). అది కీబోర్డుల జాబితా చూపి నంబరు అడుగుతుంది. మీది ఎంచుకుని కీ నొక్కితే, ఎంఎస్‌సీ స్కాన్ అన్న చోట ఇందాక చెప్పిన 70039 లాంటి అంకె వస్తుంది. దాన్ని రాసిపెట్టుకోండి, తర్వాత అవసరం పడొచ్చు.

మూడో పని: డెస్క్‌టాప్ సెట్టింగుల్లో మార్చడం

పదిమందిలో తొమ్మిదిమందికి ఇక్కడితో పని అయిపోతుంది.

గ్నోమ్‌లో (ఉబుంటు, ఫెడోరా మామూలుగా ఇచ్చే డెస్క్‌టాప్ ఇదే) ‘ట్వీక్స్’ అనే యాప్ వేసుకోండి. అందులో కీబోర్డ్, ఆపైన అడిషనల్ లేఅవుట్ ఆప్షన్స్. పొడుగాటి జాబితా వస్తుంది. ‘కంట్రోల్ పొజిషన్’ అన్న వరసలో క్యాప్స్ లాక్‌ని కంట్రోల్‌గా వాడుకునే ఆప్షన్ ఎంచుకోండి. అంతే, ఆ క్షణం నుంచే పనిచేస్తుంది. ట్వీక్స్ వద్దనుకుంటే టెర్మినల్లో:

జీసెట్టింగ్స్ సెట్ ఓఆర్‌జీ.గ్నోమ్.డెస్క్‌టాప్.ఇన్‌పుట్-సోర్సెస్ ఎక్స్‌కేబీ-ఆప్షన్స్ "['సీటీఆర్ఎల్:నోక్యాప్స్']"

బయట జంట కోట్లు, లోపల చదరపు బ్రాకెట్లు, ఇంకా లోపల ఒంటి కోట్లు. ఈ మూడింటిలో ఏది జారినా కమాండు ఒప్పుకోదు.

ఈ లైను కొట్టిన రెండు నిమిషాలకే తమ్ముడు మళ్లీ ఫోన్ చేశాడు. “అన్నా, క్యాప్స్ అయితే కంట్రోల్ అయింది గానీ తెలుగు పోయింది!” పోయింది తెలుగు కాదు, తెలుగులోకి మారే మీట. వాడు అంతకుముందే ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కితే భాష మారేలా పెట్టుకున్నాడు. ‘సెట్’ అన్నది జాబితాకి కొత్తది చేర్చదు, పాత జాబితానంతా తుడిచి కొత్తది రాస్తుంది. తప్పు నాదే, ముందు అడగాల్సింది. కాబట్టి మీరు ‘సెట్’కి ముందు అదే కమాండులో ‘గెట్’ అని కొట్టి, చివరి కోట్ల ముక్క వదిలేసి, ఇప్పటికే ఏమున్నాయో చూసుకోండి. వాటితో కలిపి, మధ్యలో కామా పెట్టి రాయండి. వాడికి చివరికి ఇలా అయింది:

"['జీఆర్‌పీ:ఆల్ట్_షిఫ్ట్_టాగుల్', 'సీటీఆర్ఎల్:నోక్యాప్స్']"

ఇక గ్నోమ్ బదులు వేరే డెస్క్‌టాప్ వాడేవాళ్ల సంగతి. కేడీఈలో సిస్టమ్ సెట్టింగ్స్, కీబోర్డ్ పేజీకి వెళ్లండి. ‘కీ బైండింగ్స్’ అనో, పాత వెర్షన్లలో ‘అడ్వాన్స్‌డ్’ అనో ఒక ట్యాబ్ ఉంటుంది. అందులో పైన టిక్ పెడితేనే కింద జాబితా తెరుచుకుంటుంది. ఆ టిక్ పెట్టకుండా ‘ఏదీ మారట్లేదు’ అని తల పట్టుకునేవాళ్లను చూశాను. సినమన్‌లో కీబోర్డ్, లేఅవుట్స్, అక్కడి ఆప్షన్స్ బటన్. స్వే వాడేవాళ్లు కాన్ఫిగ్ ఫైల్లో ఇన్‌పుట్ బ్లాకు లోపల ‘ఎక్స్‌కేబీ_ఆప్షన్స్’ అని రాసుకుంటే చాలు.

ఎక్స్11లో ఊరికే రుచి చూడాలంటే ఇది మంచిది:

సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్ -ఆప్షన్ సీటీఆర్ఎల్:నోక్యాప్స్

లాగౌట్ అయితే పోతుంది కాబట్టి భయం లేదు. కానీ దీని గుణం జీసెట్టింగ్స్‌కి సరిగ్గా తలకిందులు: ఇది పాతవాటిని తుడవదు, కొత్తది మీద మీద పేర్చుకుంటూ పోతుంది. మూడు నాలుగు ప్రయోగాలు చేసేసరికి అన్నీ కలిసి కిచిడీ అవుతుంది. అప్పుడు ‘-ఆప్షన్’ తర్వాత ఖాళీ కోట్లు మాత్రం పెట్టి కొట్టండి, అంతా శుభ్రమవుతుంది. ఇప్పుడు ఏమేం ఉన్నాయో ‘-క్వెరీ’ చూపిస్తుంది.

ఏ ఆప్షన్ దేనికి

జాబితా మొత్తం మీ మెషీన్లోనే ఉంది: /యూఎస్ఆర్/షేర్/ఎక్స్11/ఎక్స్‌కేబీ/రూల్స్/ఈవీడెవ్.ఎల్ఎస్‌టీ అనే ఫైల్లో. ఈ దారిలో ‘ఎక్స్11’లోని ఎక్స్ మాత్రం పెద్దక్షరం. ఫైలు తెరిచి చివరి భాగం చదవండి, గంట ఇట్టే గడిచిపోతుంది. నేను పనికొస్తాయనుకునేవి ఇవి.

- సీటీఆర్ఎల్:నోక్యాప్స్ అంటే క్యాప్స్ కూడా కంట్రోలే. పాత కంట్రోల్ తన చోటే ఉంటుంది. కొత్తవాళ్లు దీనితో మొదలుపెట్టండి.
- సీటీఆర్ఎల్:స్వాప్‌క్యాప్స్ రెండింటినీ అటూ ఇటూ మారుస్తుంది. నాకు నచ్చదు. వేలు పాత అలవాటుతో మూలకి పోయినప్పుడల్లా క్యాప్స్ లాక్ పడుతుంది.
- క్యాప్స్:ఎస్కేప్ వీఐకి వారసుడైన విమ్ ఎడిటర్ వాడేవాళ్లకి.
- ఆల్ట్‌విన్:స్వాప్_ఎల్ఆల్ట్_ఎల్‌విన్ ఎడమ ఆల్ట్‌నీ సూపర్‌నీ మారుస్తుంది. మ్యాక్ నుంచి వచ్చినవాళ్ల బొటనవేలికి ఇది హాయి. అసలు యాపిల్ కీబోర్డునే లినక్స్‌కి తగిలిస్తే, హెచ్ఐడీ_యాపిల్ అనే కెర్నల్ మాడ్యూల్‌కే స్వాప్_ఓపీటీ_సీఎండీ అన్న మీట ఉంది.
- కంపోజ్:ఆర్ఆల్ట్ కుడి ఆల్ట్‌ని కంపోజ్ కీగా (వరసగా రెండు మూడు కీలు కొట్టి ప్రత్యేక గుర్తులు తెప్పించే కీ) మారుస్తుంది. దీని జోలికి వెళ్లేముందు కింది భాగం చదవండి.

తెలుగు కొట్టేవాళ్లకి ప్రత్యేకం

‘ఇంగ్లిష్, ఇండియా, విత్ రుపీ’ అనే లేఅవుట్‌లో ₹ గుర్తు కుడి ఆల్ట్ పట్టుకుని 4 నొక్కితే వస్తుంది. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు లేఅవుట్‌లో, ఒకే కీ మీద మూడోదిగా ఉండే అక్షరాలకూ ఆ కుడి ఆల్టే తాళం చెవి. దాన్ని కంపోజ్‌కో కంట్రోల్‌కో ఇచ్చేస్తే రూపాయి గుర్తు మాయమవుతుంది. ఇస్తే కుడి కంట్రోల్‌ని ఇవ్వండి, ఆల్ట్‌ని ఉంచుకోండి.

భాష మార్చడానికే క్యాప్స్ వాడుకోవాలనుకుంటే ‘జీఆర్‌పీ:క్యాప్స్_టాగుల్’ ఉంది. ఒక నొక్కు తెలుగు, ఇంకో నొక్కు ఇంగ్లిష్. కానీ ఒక్క కీని ఇద్దరికి రాసివ్వలేం. దీన్నీ నోక్యాప్స్‌నీ కలిపి పెట్టకండి. రోజంతా రెండు భాషల్లో రాసే అనువాదకులకైతే కంట్రోల్ కన్నా ఇదే మేలని నా అభిప్రాయం.

ఇక నాకు అన్నిటికన్నా ప్రియమైన ఆప్షన్, చాలామందికి తెలియనిది: ఎన్‌బీఎస్‌పీ:జెడ్‌డబ్ల్యూఎన్‌జే2. షిఫ్ట్ పట్టుకుని స్పేస్ నొక్కితే మామూలు ఖాళీ బదులు జెడ్‌డబ్ల్యూఎన్‌జే అనే కంటికి కనబడని అక్షరం పడుతుంది. అది లేకపోతే ‘లినక్స్‌లో’ అని రాయబోతే క్సకి లావత్తు తగిలి ‘లినక్స్లో’ అని ముద్దగా కూర్చుంటుంది. అది పడితే పొల్లు విడిగా నిలబడుతుంది. ఇంగ్లిష్ మాటలకి తెలుగు విభక్తులు తగిలించి రాసే మనకి ఇది రోజుకు వందసార్లు కావాలి.

దీనికో ముల్లు కూడా ఉంది. ప్రోగ్రాము రాస్తూ పెద్దక్షరాల మాట తర్వాత షిఫ్ట్ వదలకుండానే స్పేస్ నొక్కితే, కోడ్‌లో ఆ కనబడని అక్షరం దూరుతుంది. పైకి లైను శుభ్రంగానే కనిపిస్తుంది, ప్రోగ్రాము మాత్రం నడవదు. ఒక ఎస్‌క్యూఎల్ లైనులో ‘సెలెక్ట్’ తర్వాత దూరిన దాన్ని పట్టుకోవడానికి నాకు ఒక మధ్యాహ్నం పట్టింది. కోడ్ రాసే మెషీన్లో దీన్ని పెట్టుకుంటే ఎడిటర్‌లో కనబడని అక్షరాలను చూపించే సెట్టింగు కూడా వేసుకోండి.

నాలుగో పని: లాగిన్ తెరకి కూడా కావాలంటే

ఇందాక చేసినవన్నీ మీ ఖాతాకి మాత్రమే. లాగిన్ తెర దగ్గర క్యాప్స్ ఇంకా క్యాప్సే. డెబియన్, ఉబుంటుల్లో /ఈటీసీ/డీఫాల్ట్/కీబోర్డ్ అనే ఫైలుంది. సుడోతో తెరిచి, అన్నీ పెద్దక్షరాల్లో ఎక్స్‌కేబీఆప్షన్స్ అని ఉన్న లైను చూడండి. సమానం గుర్తు పక్కన కోట్లలో సీటీఆర్ఎల్:నోక్యాప్స్ అని రాసి, రీస్టార్ట్ చేయండి. ఒకటికన్నా ఎక్కువైతే ఖాళీ లేకుండా కామాలతో. ఫెడోరా, ఆర్చ్‌లలో:

సుడో లోకల్‌సీటీఎల్ సెట్-ఎక్స్11-కీమ్యాప్ యూఎస్ పీసీ105 "" సీటీఆర్ఎల్:నోక్యాప్స్

వరస ముఖ్యం: లేఅవుట్, మోడల్, వేరియంట్, ఆప్షన్. వేరియంట్ లేదు కాబట్టి దాని చోట ఖాళీ కోట్లు.

ఐదో పని: ఒక్క కీబోర్డుకి మాత్రమే

ల్యాప్‌టాప్ కీబోర్డు బాగానే ఉంది, ఆఫీసులో తగిలించే యూఎస్‌బీ కీబోర్డుకే మార్పు కావాలి అనుకుందాం. అప్పుడు కెర్నల్ పొరలోకి దిగాలి. ‘ఎల్ఎస్‌యూఎస్‌బీ’ అని కొడితే తగిలించిన పరికరాల నంబర్లు వస్తాయి. మన ఆఫీసుల్లో తరచూ కనిపించే లాజిటెక్ కే120కి అది 046డీ:సీ31సీ. ఇప్పుడు /ఈటీసీ/యూడెవ్/హెచ్‌డబ్ల్యూడీబీ.డీ/ అనే ఫోల్డర్లో 90-కస్టమ్.హెచ్‌డబ్ల్యూడీబీ అని కొత్త ఫైలు చేసి ఈ రెండు లైన్లు రాయండి:

ఈవీడెవ్:ఇన్‌పుట్:బీ0003వీ046డీపీసీ31సీ*
 కీబోర్డ్_కీ_70039=లెఫ్ట్‌సీటీఆర్ఎల్

మొదటి లైనులో బీ, వీ, పీ చిన్నక్షరాలు, నంబర్లలో వచ్చే డీ, సీలు పెద్దక్షరాలు. రెండో లైను తప్పనిసరిగా ఒక ఖాళీతో మొదలవ్వాలి. అందులో సమానం గుర్తుకి ఎడమవైపువి పెద్దక్షరాలు, కుడివైపువి చిన్నక్షరాలు. తర్వాత ఈ రెండూ:

సుడో సిస్టమ్‌డీ-హెచ్‌డబ్ల్యూడీబీ అప్‌డేట్
సుడో యూడెవ్ఏడీఎం ట్రిగ్గర్

ఎక్స్11, వేలాండ్, కన్సోల్ అనే తేడా లేకుండా అన్నిచోట్లా ఇది పనిచేస్తుంది. వెనక ఏ ప్రోగ్రామూ నడుస్తూ ఉండక్కర్లేదు. ఒక కీని ఇంకో కీగా మార్చడం వరకే దీని సామర్థ్యం, అంతకు మించి తెలివి లేదు.

ఆరో పని: తడితే ఎస్కేప్, పట్టుకుంటే కంట్రోల్

ఆ తెలివి కావాలంటే ‘కీడీ’ అనే ప్రోగ్రాము ఉంది. నేను ఇప్పుడు వాడుతున్నది ఇదే. ఆర్చ్‌లో ప్యాకేజీ నేరుగా దొరుకుతుంది. మీ డిస్ట్రోలో (మీరు వాడే లినక్స్ రకంలో) లేకపోతే సోర్సు కోడ్ తెచ్చుకుని ‘మేక్’ కమాండుతో ప్రోగ్రాముగా మార్చి ఇన్‌స్టాల్ చేసుకోవాలి, ఐదు నిమిషాల పని. /ఈటీసీ/కీడీ/డీఫాల్ట్.కాన్ఫ్ ఫైల్లో:

[ఐడీస్]
*

[మెయిన్]
క్యాప్స్‌లాక్ = ఓవర్‌లోడ్(కంట్రోల్, ఈఎస్‌సీ)

ఇక్కడ కంట్రోల్ అన్నది పూర్తి స్పెల్లింగుతో రాయాలి, నాలుగక్షరాల పొట్టి పేరు కాదు. నక్షత్రం అంటే అన్ని కీబోర్డులూ అని. ‘సుడో సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్ --నౌ కీడీ’తో మొదలుపెట్టి, ఫైలు మార్చినప్పుడల్లా ‘సుడో కీడీ రీలోడ్’ కొట్టండి. క్యాప్స్‌ని తట్టి వదిలితే ఎస్కేప్, పట్టుకుని ఇంకో కీ నొక్కితే కంట్రోల్. ఏడీఎం-3ఏ మీద రెండు కీలు చేసిన పని ఒక్కటే చేస్తుంది. ఇది పెట్టుకున్నాక డెస్క్‌టాప్‌లో ఇంతకుముందు పెట్టిన నోక్యాప్స్ తీసేయండి. ఒకే కీని రెండు పొరల్లో మారిస్తే తర్వాత ఏది ఎవరి పనో తేలదు.

మొదటి వారం ఉత్సాహంలో ఎంటర్‌ని కూడా కంట్రోల్‌గా మార్చేసి రీలోడ్ కొట్టాను. తడితే ఎంటర్ అని రాయడం మర్చిపోయాను. ఇక ఎంటర్ లేదు. మార్పు వెనక్కి తీసే కమాండు టైప్ చేయగలను, కానీ దాన్ని నడిపించే కీ లేదు! ఇలాంటప్పటి కోసమే బ్యాక్‌స్పేస్, ఎస్కేప్, ఎంటర్ మూడూ కలిపి నొక్కితే కీడీ ఆగిపోతుంది. ఈ మూడు కీలను ఇప్పుడే ఓ కాగితం మీద రాసి మానిటర్‌కి అంటించుకోండి.

ఒకవేళ పెద్దక్షరాలే కావాలంటే

అన్నీ అయ్యాక తమ్ముడు అడిగాడు: “మరి బ్యాంకు ఫారంలో పేరంతా పెద్దక్షరాల్లో కొట్టాలంటే ఎలా అన్నా?” దానికీ ఓ ఆప్షన్ ఉంది: షిఫ్ట్:బోత్_క్యాప్స్‌లాక్. రెండు షిఫ్టులూ ఒకేసారి నొక్కితే క్యాప్స్ లాక్ పడుతుంది, మళ్లీ రెండూ నొక్కితే పోతుంది. జాబితాలో కామా పెట్టి, దీన్ని మూడోదిగా చేర్చమన్నాను. ఈసారి ముందుగా ‘గెట్’ కొట్టించాకే.